పాలకడలి పేరు, పెరటి పువ్వు: పారిజాత

ప్రశ్న: మాకు ఈమధ్యే పాప పుట్టింది. ఉత్తర నక్షత్రం మూడో పాదం కావడంతో పంతులుగారు ‘పా’ అక్షరంతో పేరు చూసుకోమన్నారు. మా అమ్మమ్మగారి పెరట్లో పారిజాతం చెట్టు ఉండేది. ఆ గుర్తుగా పాపకు ‘పారిజాత’ అని పెట్టుకోవాలని నా కోరిక. మా అత్తగారేమో ‘తెల్లారేసరికి రాలిపోయే పువ్వు పేరు ఆడపిల్లకు ఎందుకమ్మా’ అంటున్నారు. దానికి తోడు మా మరిది ఫోన్‌లో వెతికి, ఆ చెట్టు శాస్త్రీయ నామానికి ‘దుఃఖవృక్షం’ అని అర్థమని చదివి వినిపించాడు. ఆవిడ అభ్యంతరం ఇంకా గట్టిపడింది. ఈ పేరుకు అసలు అర్థం ఏమిటి? ఎక్కడినుంచి వచ్చింది? బారసాల దగ్గర పడుతోంది కనుక వివరంగా చెప్పగలరని ప్రార్థన.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ పాపాయికి మా ఆశీస్సులు. మీరు అడిగినవాటికి జవాబు చెప్పాలంటే ముందు ఒక చిక్కు విప్పాలి. పారిజాతమనే పేరూ, మీ అమ్మమ్మగారి పెరట్లోని చెట్టూ ఆదినుంచీ ఒకటేనని మనమందరం అనుకుంటాం. పాత నిఘంటువులు తిరగేస్తే పేరు చాలా పాతదనీ, ఈ చెట్టుకు అది తరువాత వచ్చి చేరిందనీ తెలుస్తుంది. అందుచేత మొదట పేరు సంగతి చూసి, ఆ తరువాత చెట్టు దగ్గరికి వెళదాం.

సంస్కృతంలో ‘పారము’ అంటే ఒడ్డు, అవతలి గట్టు. పారం గలది పారి, అంటే సముద్రం. ‘జాత’ అంటే పుట్టినది. సముద్రం నుంచి పుట్టినది కాబట్టి పారిజాతమని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. నీటిలో పుట్టిన తామర జలజ అయినట్టే, కడలిలో పుట్టిన ఈ చెట్టు పారిజాతమయింది.

ఆ కడలి పాలకడలి. దేవదానవులు మందరగిరిని కవ్వంగా నిలిపి, వాసుకిని తాడుగా చుట్టి చిలికినప్పుడు కామధేనువు, ఐరావతం, కౌస్తుభం, చంద్రుడు, ధన్వంతరి పుట్టిన కథ అందరికీ తెలిసినదే. భాగవతం అష్టమ స్కంధంలోనూ, విష్ణుపురాణంలోనూ ఆ పుట్టినవాటి వరుసలో పారిజాతం ఉంది. లక్ష్మీదేవి పుట్టింది కూడా ఆ కడలిలోనే. ‘లక్ష్మీం క్షీరసముద్రరాజ తనయాం’ అని శుక్రవారం పూట చదువుకునే ఇల్లయితే మీ అత్తగారికి ఈ చుట్టరికం ఒక్కటి చెప్పండి చాలు: పారిజాతం లక్ష్మీదేవికి తోబుట్టువు. ఆడపిల్ల పేరుకు ఇంతకన్నా మంచి పుట్టిల్లు నాకు తెలిసి లేదు.

పాలకడలిలో పుట్టిన ఆ చెట్టును ఇంద్రుడు తీసుకువెళ్లి నందనవనంలో నాటుకున్నాడు. అమరకోశం స్వర్గవర్గంలో ‘పంచైతే దేవతరవో మందారః పారిజాతకః, సంతానః కల్పవృక్షశ్చ పుంసి వా హరిచందనమ్’ అని దేవతల చెట్లు అయిదింటిని లెక్కపెట్టిన చోట దీనిది రెండో స్థానం. అడిగినది ఇచ్చే చెట్లు కాబట్టి పారిజాతమనే మాటకు కోరిన కోరిక తీర్చేదనే అర్థం కూడా కలిగింది. గీతాధ్యానంలో కృష్ణుణ్ణి ‘ప్రపన్న పారిజాతాయ’ అంటారు. శరణన్నవారికి ఆయన పారిజాత వృక్షం వంటివాడని భావం. ఆంజనేయస్వామిని ‘పారిజాత తరుమూల వాసినం’ అని తలుచుకోవడం మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఈ స్తోత్రాలలో ఎక్కడా రాలిన పువ్వు ప్రసక్తి లేదు. వినబడేదల్లా చెట్టు, దాని నీడ, దాని ఔదార్యం. ఎవరైనా అర్థమడిగితే ‘పాలసముద్రంలో పుట్టిన దేవతావృక్షం’ అని చెప్పండి.

తెలుగువారికి ఈ మాట ఇంత దగ్గర కావడానికి మరొక కారణం సత్యభామ. కృష్ణుడు ఆమె కోసం ఇంద్రుడితో తలపడి పారిజాతాన్ని ద్వారకకు తెచ్చిన కథ హరివంశంలోనూ, విష్ణుపురాణంలోనూ ఉన్నదే. అయితే దాన్ని మన ఇంటి కథగా మార్చినవాడు నంది తిమ్మన. 1509 నుంచి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయల కొలువులోని ఆ కవి ‘పారిజాతాపహరణము’ను అయిదు ఆశ్వాసాల కావ్యంగా రచించాడు. నారదుడు ఒకే ఒక్క పారిజాతపు పువ్వు తెచ్చి కృష్ణుడికి ఇవ్వడం, ఆయన దాన్ని పక్కనున్న రుక్మిణికి ఇవ్వడం, చెలికత్తె మోసుకొచ్చిన ఆ కబురు విని సత్యభామ ‘వ్రేటువడ్డ యురగాంగన’ లాగా, అంటే దెబ్బతిన్న ఆడపాములాగా లేవడం తెలుగు చదువుకున్నవారు మరిచిపోలేని ఘట్టం. ఒక్క పువ్వు దగ్గర మొదలైన అలక చెట్టును వేళ్లతో సహా పెకలించి తెచ్చేదాకా పోయింది. సవతుల తగవు తెచ్చిన పువ్వు కదా అని ఈ పేరును కాదనేవారూ కొందరుంటారు. తగవు పడ్డది మనుషులు, చెట్టు కాదు. అది ఎవరి వాకిట ఉంటే వారికి మేలే చేసింది.

ఇక చెట్టు దగ్గరికి వద్దాం. విష్ణుపురాణంలో కృష్ణుడు చూసిన పారిజాతానికి బంగారు వన్నె బెరడు, రాగిరంగు చిగుళ్లు ఉంటాయి. దేవతల పూలు వాడవని కావ్యప్రసిద్ధి. మన పెరటి చెట్టుకు బూడిదరంగు బెరడు, చేత్తో నిమిరితే గరగరలాడే ఆకులు. పువ్వు ఎండ తగలగానే వాడుతుంది. ఈ రెండింటికీ పోలిక కుదరదు. అమరకోశమే వనౌషధివర్గానికి వచ్చేసరికి పారిజాతకమనే మాటను పారిభద్రానికి పర్యాయపదంగా చెబుతుంది. అది ఒంటినిండా ముళ్లుండి, ఆకు రాల్చి ఎర్రెర్రగా పూసే బాడిద చెట్టు. రాత్రి పూసే మన చిన్న తెల్లపువ్వుకు సంస్కృతంలో శేఫాలిక అనే పేరు వేరే ఉంది. కాలక్రమంలో స్వర్గంలోని చెట్టు పేరును జనం తమకు అతి ప్రియమైన ఈ పువ్వుకు కట్టబెట్టారు. ప్రేమ కొద్దీ చేసిన పని అది, దాన్ని తప్పు పట్టబుద్ధి కాదు.

అలా కట్టబెట్టడం అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింతూరు గ్రామంలో పారిజాతమని పూజలందుకుంటున్న మహావృక్షం ఒకటుంది. పాండవుల తల్లి కుంతి పేరుతో ఆ ఊరికీ, చెట్టుకూ అక్కడివారు ముడిపెట్టి కథ చెబుతారు. వృక్షశాస్త్రం ప్రకారం అది ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్. హైదరాబాదులో గోల్కొండ పక్కన నయాఖిలాలో ‘హాథియాన్ కా ఝాడ్’ అనే బ్రహ్మాండమైన బోలు మాను చూసినవారికి ఆ జాతి వెంటనే గుర్తుకు వస్తుంది. గోల్కొండలో ఏనుగుల చెట్టు అనిపించుకున్నది కింతూరులో పారిజాతమయింది.

మన మందారం కథ కూడా ఇలాంటిదే. ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు’ అని పోతన ప్రహ్లాదుడి చేత పలికించినప్పుడు ఆ మందారం నందనవనంలోనిది. మన గుమ్మం ముందు ఎర్రగా పూసేది సంస్కృతంలో జపాకుసుమం. ‘జపాకుసుమ సంకాశం’ అని సూర్యుణ్ణి పోల్చేది దానితోనే. స్వర్గంలోని పేర్లను తెచ్చి పెరటి మొక్కలకు పెట్టుకోవడం మనకు అలవాటు. కూతురికి పెట్టుకునేటప్పుడు మాత్రం సందేహించడం ఎందుకు?

పువ్వు గురించి మీ అత్తగారు అన్న మాటకు నేను కొంచెం తీరికగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ చెట్టు కింద నా బాల్యం గడిచింది. వానాకాలం మధ్యలో మొదలై చలి ముదిరేదాకా మా నాయనమ్మ రోజూ దీపాలు పెట్టే వేళకు ఉతికిన పాత పంచె ఒకటి చెట్టు కింద పరిచేది. చీకటి పడుతుండగా మొగ్గలు విచ్చుకునేవి, రాత్రి రెండోజాముకు వాసన వసారా దాటి గదుల్లోకి వచ్చేది. తెల్లవారుజామున పడుకుని వింటే పంచె మీద పువ్వు పడిన చప్పుడు తెలిసేది. అది ఒక నీటిబొట్టు పడినంత చప్పుడు కూడా కాదు. సూర్యుడు వచ్చేసరికి పంచె నిండేది. పువ్వు అరచేతిలో పెట్టుకుని చూస్తే అయిదు నుంచి ఎనిమిది దాకా రెక్కలు, ఒక్కొక్క రెక్క కొసన చిన్న నొక్కు, అన్నీ ఒకే వైపుకు కాస్త మెలితిరిగి గాలిచక్రంలా ఉంటాయి. మధ్యలో బొట్టు, కింద కాడ, రెండూ పగడపు రంగే. అందుకే దీన్ని పగడమల్లె అని కూడా అంటారు. మల్లె అనడం కూడా సబబైన మాటే, రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఆ కాడ గోటితో నలిపితే వేలికి కుంకుమపువ్వు రంగు అంటుకుంటుంది. కుంకుమపువ్వుకు ఆ వన్నె తెచ్చే క్రోసెటిన్ అనే పదార్థమే ఈ కాడల్లోనూ ఉంది. పూర్వం ఈ కాడలు ఎండబెట్టి, మరిగించి పట్టుబట్టలకు రంగు వేసేవారు.

మామూలుగా నేల మీద పడిన పువ్వును దేవుడికి పెట్టరు. మా నాయనమ్మ ఇంకే పువ్వు చేయి జారి కింద పడినా పక్కన పెట్టేది. పారిజాతం విషయంలో మాత్రం ఆచారం తిరగబడుతుంది. కొమ్మ మీద నుంచి కోయకూడదు, రాలినదే ఏరుకుని పూజకు తీసుకోవాలి. ఎవరూ తెంపకుండా తనంత తాను వచ్చి వాలిన పువ్వు కాబట్టి దానికి ఆ మన్నన దక్కిందని మా ఇంట్లో చెప్పేవారు. రాలడం ఈ పువ్వుకు లోపమైతే దేవుడి పీఠం దాకా వెళ్లనిచ్చేవారు కాదు గదా! నిజానికి తెల్లవారాక వాడని పువ్వు ఏదుంది? మల్లె వాడుతుంది, జాజి వాడుతుంది, తామర సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఆ పేర్లతో ఇళ్లనిండా పిల్లలున్నారు.

మీ మరిది చదివిన ‘దుఃఖవృక్షం’ సంగతి కూడా నిజమే, అయితే ఆ పేరు ఎవరు పెట్టారో కూడా ఆయన చదవవలసింది. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ మొక్కను నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్ అని నమోదు చేశాడు. మొదటి మాటకు గ్రీకు భాషలో రాత్రి పువ్వు అని అర్థం, రెండో దానికి లాటిన్‌లో దుఃఖపు చెట్టు అని అర్థం. ఆ రెండో మాట లిన్నేయస్ పుట్టించినది కాదు. గోవాలో స్థిరపడిన గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు 1563లో అక్కడే అచ్చువేయించిన గ్రంథంలోనే దీన్ని దుఃఖపు చెట్టు అన్నాడు. సూర్యుణ్ణి ప్రేమించి, అతడు విడిచిపెడితే ప్రాణం తీసుకున్న ఒక కన్య చితాభస్మం నుంచి ఈ చెట్టు మొలిచిందనీ, అందుకే దీని పూలు సూర్యుడి ముఖం చూడవనీ తాను విన్న కథ కూడా రాశాడు. ఆ కథ ఇప్పటికీ చాలాచోట్ల వినిపిస్తుంది. సముద్రమథనంలో గాని, సత్యభామ కథలో గాని దాని జాడ లేదు. పగటిపూట పూలన్నీ రాల్చేసి, గరుకాకులతో బోసిగా నిలబడిన చెట్టును చూసి దూరదేశం నుంచి వచ్చినవారికి దిగులు కనిపించింది. రాత్రి దాని కింద పంచె పరిచినవారికి అలా కనిపించలేదు. పాప పేరు మీరు పెడుతున్నది సంస్కృతం నుంచి, తెలుగు నుంచి. లాటిన్ పేరు మొక్కల పుస్తకంలో ఉంటుంది, బారసాల పళ్లెంలో బియ్యం మీద రాయబోయేది అది కాదు.

ప్రశ్న: నా మనుమరాలి పేరు పారిజాత. చెట్ల పేర్లు ఆడపిల్లలకు పెట్టరాదని మనుస్మృతిలో ఉన్నదని, పైగా ఆడపిల్లల పేరు బేసి సంఖ్యలో అక్షరాలతో ఉండాలని ఒక బంధువు ఆక్షేపించారు. పిల్లకు ఇప్పుడు ఆరేళ్లు. ఇది దోషమైతే పేరు మార్చవలసి ఉంటుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మార్చవలసిన పని లేదు. మీ బంధువు చెప్పిన శ్లోకాలు ఉన్నమాట నిజం కనుక, అవి ఏమంటున్నాయో చూద్దాం.

మనుస్మృతి మూడో అధ్యాయంలో ‘నర్క్షవృక్షనదీనామ్నీం’ అని మొదలయ్యే శ్లోకం నక్షత్రాలు, చెట్లు, నదులు, పర్వతాలు, పక్షులు మొదలైనవాటి పేర్లు గల కన్యను వివాహమాడరాదని చెబుతుంది. ఆ నియమాన్ని పట్టుకుంటే రోహిణి, రేవతి, అశ్వని పనికిరావు, గంగ, యమున, గోదావరి, కావేరి పనికిరావు, తులసి అసలే పనికిరాదు. మీ ఊరి గోదావరి ఒడ్డున గోదావరి అనే పేరున్న ఇల్లాళ్లు ఎంతమంది పసుపు కుంకుమలతో నిండు జీవితం గడిపారో మీకు నాకన్నా బాగా తెలుసు. శాస్త్రం చదివిన కుటుంబాలే ఈ పేర్లను తరతరాలుగా పెట్టుకుంటూ వచ్చాయంటే, ఆ శ్లోకాన్ని వారు విధిగా తీసుకోలేదని అర్థం. ఆచారమే ఇక్కడ ప్రమాణం.

అదే మనుస్మృతి రెండో అధ్యాయంలో ఆడపిల్ల పేరు ఎలా ఉండాలో సూటిగా చెప్పిన శ్లోకం ఒకటుంది: ‘స్త్రీణాం సుఖోద్యమక్రూరం విస్పష్టార్థం మనోహరం’. పలకడానికి సుఖంగా ఉండాలి, కర్కశంగా ఉండకూడదు, అర్థం స్పష్టంగా తెలియాలి, మనసుకు ఇంపుగా ఉండాలి అని దాని తాత్పర్యం. మంగళకరంగా ఉండాలనీ, దీర్ఘంతో ముగియాలనీ తరువాతి పాదం చెబుతుంది. ‘పారిజాతా’ అని సంస్కృతంలో రాస్తే ఈ లక్షణాలలో ఒక్కటీ తప్పదు. నామకరణం కోసమే చెప్పిన మాటను వదిలి, పెళ్లి సంబంధాల దగ్గర చెప్పిన మాటను నామకరణానికి తేవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

బేసి అక్షరాల నియమం ఆపస్తంబ గృహ్యసూత్రంలో ‘అయుజాక్షరం కుమార్యాః’ అని ఉంది. పారిజాతలో అక్షరాలు నాలుగు. పట్టింపు ఉన్నవారు నామకరణంలో ‘శ్రీపారిజాత’ అని రాయించుకుంటే అయిదవుతాయి, పిలుపు మారదు. ఆరేళ్లుగా ఒక పేరుకు పలుకుతున్న పిల్లను ఇప్పుడు ఇంకో పేరుతో పిలవబోతే ఆ పసిదానికే కష్టం. శ్రీకారం చేర్చుకోవడంతో ఆగండి.

ఇంకొక మాట. నిజంగా శాపం తగిలిన పువ్వు మన పురాణాల్లో ఒకటుంది, అది మొగలి. జ్యోతిర్లింగం కొన చూశానన్న బ్రహ్మ అబద్ధానికి సాక్ష్యం చెప్పినందుకు కేతకీ పుష్పం శివపూజకు దూరమయిందని కథ. అయినా కేతకి అనే పేరు ఆడపిల్లలకు పెడుతూనే ఉన్నారు. సంగారెడ్డి జిల్లా ఝరాసంగంలో శివుడు ఆ పువ్వు పేరే పెట్టుకుని కేతకీ సంగమేశ్వరుడయ్యాడు, అక్కడ మొగలిపూలతోనే పూజ చేస్తారు. శాపమున్న పువ్వుకే అంత ఆదరణ ఉండగా, ఏ శాపమూ లేని పారిజాతం గురించి మీరు దిగులు పడనక్కరలేదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా రెండో అమ్మాయికి పారిజాత అని పెడదామనుకుంటున్నాం. మా పక్కింటి బెంగాలీ ఆవిడ పేరు శేఫాలి. ఇండియాలో మా ఇంటి చెట్టు ఫొటో చూపిస్తే ‘ఇది నా పువ్వు’ అన్నారు. ఇవి రెండూ ఒకే పేరా? పారిజాత, పారిజాతం అనే రెండింటిలో ఏది సరైనది? ఇంగ్లీషులో ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పువ్వు ఒకటే, పేర్లు వేరు. పైన చెప్పిన శేఫాలిక అనే సంస్కృత పదం బెంగాలీలో ఒకవైపు శేఫాలిగా నిలిచి, ఇంకోవైపు వాడుకలో అరిగి శిఉలి అయింది. శరదృతువులో తెల్లవారుజామున వాకిట్లో శిఉలి రాలితే దుర్గాపూజ వచ్చేసినట్టే బెంగాలీలకు. పశ్చిమబెంగాల్ రాష్ట్రపుష్పం కూడా అదే. హిందీవారు హర్‌సింగార్ అంటారు, తమిళులు పగడాన్నే తలుచుకుని పవళమల్లి అంటారు. అర్థాల దగ్గరికి వస్తే మీ పక్కింటావిడ పేరు నేరుగా ఆ పువ్వుదే. మీ అమ్మాయి పేరు దేవతావృక్షానిది, పువ్వుకు తరువాత వచ్చినది. ఇద్దరూ ఒకే చెట్టు కింద నిలబడి అది తమ పేరేనని చెప్పుకోవచ్చు, ఇద్దరి మాటా నిజమే.

పారిజాత, పారిజాతం రెండూ సరైనవే. సంస్కృతంలో చెట్టు పేరు పుంలింగం, పువ్వు పేరు నపుంసకలింగం. ఆడపిల్లకు పెట్టుకున్నప్పుడు ‘పారిజాతా’ అవుతుంది, సీతా అనేది తెలుగులో సీత అయినట్టు అదీ పారిజాత అవుతుంది. పారిజాతం అనేది మన పాత అలవాటు. కనకం, రత్నం, మాణిక్యం, పగడం అని విలువైన వస్తువుల పేర్లు ఉన్నవున్నట్టుగా ఆడపిల్లలకు పెట్టే రోజుల్లో పారిజాతం, పారిజాతమ్మ అనే పేర్లు ఊరూరా వినబడేవి. ఈ కాలపు బళ్లో, కాగితాల మీద పారిజాత సౌకర్యంగా ఉంటుంది. ఇంట్లో నాయనమ్మ పారిజాతం అని పిలిస్తే పిలవనివ్వండి, ఆ పిలుపులో ఉన్న ముద్దు ఇంకోదానిలో రాదు.

ఇంగ్లీషు అక్షరాల్లో చివర టి తరువాత హెచ్ చేర్చి రాయండి. హెచ్ లేకపోతే అక్కడి టీచర్లు ‘పారిజాట’ అని పలుకుతారు. మొదటి అక్షరానికి రెండు ఏలు పెట్టడం మీ ఇష్టం. పాస్‌పోర్టులో ఒకలా, బడిలో ఒకలా కాకుండా మొదటి రోజు రాసినదే అన్నిచోట్లా రాయించండి.

పలికేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో ‘జ’కు రెండు పలుకులున్నాయి. జాతర, జాలి, జాము అనేటప్పుడు నాలుక పళ్లకు దగ్గరగా తగులుతుంది, జాతకం, జాతి అనేటప్పుడు అంగిలికి తగులుతుంది. పారిజాతలో ఉన్నది జాతకంలోని జా. ఇంట్లో తెలుగు పెద్దగా వినని పిల్లలు ఈ తేడా పట్టుకోలేరు కాబట్టి, పేరు నేర్పేటప్పుడు ‘పారి’ అని ఆగి, ‘జాత’ అని జాతకంలోలాగా పలికించండి. రెండు మూడుసార్లు అనిపిస్తే చాలు, నాలుకకు అలవాటవుతుంది.